ఎల్‌ఎల్‌బీ తర్వాత మొదటి ఐదేళ్ళు: చేతికి నిజంగా ఎంతొస్తుంది?

లాసెట్_బాధితుడు
మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ, ఆఖరి సెమిస్టరు. యూట్యూబులో ఒకాయన లాయరు నెల జీతం రెండు లక్షలంటాడు. కాలేజీ సీనియర్లేమో బస్సు చార్జీలు కూడా రావంటారు. ఇద్దరూ ఒకే వృత్తి గురించే చెప్తున్నారా? జూనియర్‌షిప్, ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు), జేసీజే (జూనియర్ సివిల్ జడ్జి), బ్యాంకు లా ఆఫీసరు, కంపెనీ ఉద్యోగం... ఏ దారిలో ఎంత, ఎప్పుడు? అంకెలతో చెప్పండి. "కష్టపడితే ఫలితం అదే వస్తుంది" లాంటివి వద్దు, అవి ఇంట్లో బోలెడు స్టాకు ఉన్నాయి.

కూకట్‌పల్లి_కోర్టు
రెండూ నిజమే తమ్మీ. ఒకటి పెద్ద లా ఫర్మ్ ముచ్చట, ఇంకోటి ట్రయల్ కోర్టు ముచ్చట. కోర్టు ప్రాక్టీసుల జీతం అనేదే ఉండదు, సీనియర్ ఇచ్చేది స్టైపెండ్. సిటీ సివిల్ కోర్టు, రంగారెడ్డి, కూకట్‌పల్లి దిక్కు కొత్తోళ్ళకు 5 వేల నుంచి 12 వేల దాకా ఇస్తరు. హైకోర్టు ఆఫీసులల్ల 10 నుంచి 25. జిల్లాలల్ల చానా చోట్ల పెట్రోలు పైసలే. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరుల పట్నంల 20 వేలు, ఊర్లల్ల 15 వేలు ఇయ్యుండ్రి అని సర్క్యులర్ తీసింది. అది సిఫార్సు మాత్రమే. ఇయ్యకుంటే అడిగేటోడు లేడు.

వాయిదారాణి
ఆ సర్క్యులర్ ప్రింటు తీసి సీనియర్ టేబుల్ మీద పెడితే "మంచిదమ్మా, ఫైల్లో పెట్టు" అంటారు.

నల్లకోటు_నరసరావుపేట
స్టైపెండు చూసి సీనియర్ని ఎంచుకోవద్దండి. చేరేముందు రెండే అడగండి. వకాలత్‌లో (క్లయింటు లాయరుకిచ్చే అధికారపత్రం) మన పేరు కూడా రాయిస్తారా? ఏడాది తిరిగేలోగా చిన్న కేసుల్లో క్రాస్ (ఎదుటిపక్షం సాక్షిని ప్రశ్నించడం) చేయనిస్తారా? 15 వేలిచ్చి రెండేళ్ళపాటు వాయిదాలు మాత్రమే అడిగించే ఆఫీసు కంటే, 6 వేలిచ్చి సాక్షిని అప్పగించే ఆఫీసు నయం.

జిల్లా కోర్టులో డబ్బు వచ్చే వరస చెప్తాను. మొదటి ఏడాది సీనియర్ ఇచ్చిందే. రెండో ఏడాది నుంచి ఊరివాళ్ళు, చుట్టాలు, సీనియర్ వద్దనుకున్న చిన్న కేసులు మొదలవుతాయి: చెక్ బౌన్సు, డీవీసీ (గృహహింస కేసు), బెయిలు, భరణం (పాత సీఆర్‌పీసీ 125, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 144). మేజిస్ట్రేటు కోర్టులో మామూలు బెయిలుకి 5 నుంచి 10 వేలు. భరణం కేసు మొత్తానికి 15 నుంచి 25 వేలు, అదీ విడతల్లో. పార్టిషన్ సూట్ (ఆస్తి పంపకం దావా) 50 వేలకి మాట్లాడుకున్నా నాలుగైదేళ్ళు నడుస్తుంది, సగం వసూలైతే గొప్ప. వచ్చినదాంట్లోంచే టైపింగు, జెరాక్సు, వెల్ఫేర్ స్టాంపు, ప్రాసెస్ బత్తా (సమన్లు పంపే ఖర్చు), గుమాస్తా. మూడో ఏడు దాటేసరికి ఖర్చులు పోను నెలకి 20 – 30 వేలు నిలకడగా మిగిలితే దారిలో పడ్డట్టే.

అనంత_సివిల్
మే నెల మర్చిపోతివి సామీ. సివిల్ కోర్టులకి ఎండాకాలం సెలవులు. క్రిమినల్ కోర్టులు నడుస్తాయి కాబట్టి వాళ్ళకి ఇబ్బంది లేదు. సివిల్ ఒక్కటే నమ్ముకున్నోడు ఏడాదికి పదకొండు నెలల లెక్క వేసుకోవాల. సంక్రాంతి, దసరా అదనం.

గుమాస్తా_గిరి
"సగం వసూలైతే గొప్ప" అన్నారు చూడండి, అది క్లయింటు తప్పు కాదు, విడతలు కట్టడంలో తప్పు. ఇంజంక్షన్ సూట్ (ఎదుటివాళ్ళని ఫలానా పని చేయకుండా ఆపమనే దావా) అనుకోండి. ఐఏలో (దావా మధ్యలో వేసే అర్జీ) ఎక్స్‌పార్టీ ఆర్డరు (ఎదుటివాళ్ళు లేకుండా ఇచ్చేది) చేతికి రాగానే క్లయింటు ఫోన్ ఎత్తడం మానేస్తాడు. అతనికి కావాల్సింది వచ్చేసింది మరి. అందుకని ఫైలింగు రోజునే 50 శాతం. ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన అంశాలు) వేసినప్పుడు 20. పీడబ్ల్యూ 1 (వాది మొదటి సాక్షి) చీఫ్ అఫిడవిట్ వేసేముందు 20. ఆర్గ్యుమెంట్లకి ముందు 10. తీర్పు తర్వాత ఇస్తానన్న డబ్బు లెక్కలో రాసుకోకండి. ఖర్చులు ఫీజులో కలపొద్దు. కోర్టు ఫీజు, బత్తా, కాపీ అప్లికేషన్ల డబ్బు విడిగా తీసుకుని, విడి చీటీ ఇవ్వండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

మలక్‌పేట_ఎంవీఓపీ
యాక్సిడెంటు కేసులల్ల అవార్డు (పరిహారం తీర్పు) తర్వాతనే ఇస్తరు అన్నా. ఆసుపత్రి బిల్లు కట్టలేనోని దగ్గర ముందుగాల ఏం తీసుకుంటం? పర్సెంటేజీ మాట్లాడుకుంటరు.

నల్లకోటు_నరసరావుపేట
అదే కుదరదు. బార్ కౌన్సిల్ రూల్స్‌లో 20వ రూలు చూడండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు, వచ్చే సొమ్ములో వాటా తీసుకోకూడదు.

మలక్‌పేట_ఎంవీఓపీ
రూలు ఎరుకే. ఈ లైన్ల అందరు చేస్తున్నదే చెప్పిన.

అనంత_సివిల్
అందరూ చేస్తారన్నది డిసిప్లినరీ కమిటీ ముందు డిఫెన్సు కాదు అన్నా. ఇంకో సంగతి, పరిహారం నేరుగా పిటిషనర్ ఖాతాకే వేయమని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు లాయరు చేతిమీదుగా పోయే రోజులు పోతున్నాయి. ముందే ఫీజు ఇంత అని రాతలో పెట్టుకొని, కొద్దికొద్దిగా కట్టించుకునేదే దారి.

లాసెట్_బాధితుడు
ఫీజు ఎగ్గొడితే కేసు కట్ట మన దగ్గరే అట్టిపెట్టుకోవచ్చు కదా?

గుమాస్తా_గిరి
పొరపాటున కూడా వద్దు. ఫీజు బాకీ కింద ఫైలు ఆపే హక్కు అడ్వొకేటుకి లేదని 2000లో సుప్రీంకోర్టు తేల్చేసింది. అట్టిపెట్టుకుంటే అది దుష్ప్రవర్తన. కట్ట ఇచ్చేయాలి, బాకీ కోసం విడిగా దావా వేసుకోవాలి. మరీ విసుగొస్తే క్లయింటుకి నోటీసిచ్చి, కోర్టు అనుమతితో వకాలత్ నుంచి తప్పుకోవచ్చు. వాయిదాకి వెళ్ళకుండా ఊరుకోవడం మాత్రం మనకే చుట్టుకుంటుంది.

వాయిదారాణి
కోర్టులో గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడు, ఓడినవాడు అక్కడే ఏడ్చాడు. లాయరు ఎక్కడ ఏడ్చాడో ఎవరూ చెప్పలేదు.

కూకట్‌పల్లి_కోర్టు
స్టాండింగ్ కౌన్సిల్ (సర్కారు సంస్థల కేసులు చూసే లాయరు) అయితే మునిసిపాలిటీ బిల్లుల సెక్షన్ కాడ.

షామీర్‌పేట_బ్యాచ్
రెండు లక్షల వీడియో సంగతి. ముంబయి, ఢిల్లీ, బెంగళూరుల్లోని మొదటి వరస కార్పొరేట్ ఫర్మ్‌లు కొత్తవాళ్ళకి ఏడాదికి 15 నుంచి 20 లక్షల మధ్య ఇస్తాయి. కొన్నింటికి హైదరాబాదులో కూడా ఆఫీసులున్నాయి. ఇవి దాదాపుగా నల్సార్ లాంటి జాతీయ లా యూనివర్సిటీల క్యాంపస్‌ల నుంచే తీసుకుంటాయి. లాసెట్ కాలేజీ నుంచి వెళ్ళాలంటే ఒక్క తలుపే ఉంది: ఒకే ఫర్మ్‌లో మూడు నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్, అది నచ్చితే ఆఫర్. నెలకొక ఆఫీసు చొప్పున పది సర్టిఫికెట్లు పోగేస్తే ఎవరూ చూడరు.

హైదరాబాదు మధ్యస్థాయి ఫర్మ్‌లలో 4 నుంచి 8 లక్షలు. కంపెనీల లీగల్ విభాగాల్లో, విదేశీ కంపెనీల హైదరాబాదు కేంద్రాల్లో కాంట్రాక్టుల పని 5 నుంచి 8 లక్షలతో మొదలవుతుంది. ఇంగ్లీషులో క్లాజు చదివి, ఎక్కడ బాధ్యత మన మీద పడుతోందో పట్టుకోగలగాలి. ఇంటర్వ్యూలో ఒక ఒప్పందం చేతికిచ్చి తప్పులు దిద్దమంటారు.

పేపర్3_అనువాదం
షామీర్‌పేట గారు ఒక ముఖ్యమైన తేడా వదిలేశారు. లా ఫర్మ్ ఇచ్చేది జీతం కాదు, రిటైనర్ (సేవలకిచ్చే నెలవారీ ఫీజు). కంపెనీ ఇచ్చేది జీతం. ఈ రెండింటి తేడా తెలియక ఏళ్ళు పోగొట్టుకోవచ్చు.

బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం పూర్తికాలం జీతం తీసుకునే ఉద్యోగి ప్రాక్టీసు చేయకూడదు. ఉద్యోగంలో చేరితే ఎన్‌రోల్‌మెంటు సర్టిఫికెట్ ఒరిజినల్ జతచేసి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి తెలియజేసి ప్రాక్టీసు సస్పెండ్ చేయించుకోవాలి. ఆ కాలం ప్రాక్టీసు కిందికి రాదు.

ఇక 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకి మూడేళ్ళ ప్రాక్టీసు మళ్ళీ తప్పనిసరి చేసింది. కంపెనీలో మూడేళ్ళు 60 వేల జీతం తీసుకుని, తర్వాత జేసీజే రాద్దామంటే చేతిలో ప్రాక్టీసు సున్నా. ఫర్మ్‌లో రిటైనర్ మీద ఉండి కోర్టుకి వెళ్తూ వకాలత్‌లో పేరుంటే లెక్కకొస్తుంది. అందుకే ఈ ప్రశ్నకి జవాబు "ఎంత" దగ్గర కాదు, "మొదటి మూడేళ్ళు ఎక్కడ" దగ్గర మొదలవ్వాలి. జేసీజే, ఏపీపీ రెండూ ఆ మూడేళ్ళే అడుగుతాయి.

లాసెట్_బాధితుడు
మూడేళ్ళు ఎప్పటినుంచి లెక్క? ఏఐబీఈ (బార్ కౌన్సిల్ పెట్టే పరీక్ష) పాసైన రోజు నుంచా?

పేపర్3_అనువాదం
ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంటు (ఏఐబీఈకి ముందు బార్ కౌన్సిల్లో తాత్కాలిక నమోదు) తేదీ నుంచి. ఏఐబీఈ ఒక్కో ఏడాది ఒక్కో నెలలో వస్తుంది కాబట్టి దాన్ని కొలమానం చేయలేదు. రుజువు విషయానికొస్తే, మీరు ప్రాక్టీసు చేసే కోర్టు ప్రిన్సిపల్ జ్యుడీషియల్ ఆఫీసరు సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా కనీసం పదేళ్ళ ప్రాక్టీసున్న అడ్వొకేటు ఇస్తే దాని మీద ఆ ఆఫీసరు సంతకం పెట్టాలి. జడ్జిల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్ని కూడా కలుపుకోవచ్చని అదే తీర్పులో ఉంది. మన రెండు హైకోర్టుల్లోనూ లా క్లర్కుకి ఇచ్చేది నెలకి 30 – 35 వేల ప్రాంతంలో. మొదటి ఏడాది అంతకన్నా స్థిరమైన డబ్బు కోర్టు ఆవరణలో దొరకదు. తీర్పు ముసాయిదా ఎలా తయారవుతుందో కళ్ళారా కనిపిస్తుంది కూడా. కాకపోతే ఆ కాలంలో ప్రాక్టీసు చేయనివ్వరు, క్లయింట్లు కూడరు.

క్యాలెండర్_కేసు
జేసీజే పే ఎంతో ఎవరూ రాయలేదు. జాతీయ జ్యుడీషియల్ పే కమిషన్ స్కేలు 77,840 – 1,36,520. మొదలు మీద కరువుభత్యం కలిపితేనే లక్షా ఇరవై వేలు. సీనియర్ సివిల్ జడ్జి 1,11,000 – 1,63,030. జిల్లా జడ్జి 1,44,840 – 1,94,660. స్క్రీనింగ్ అయ్యాక సివిల్, క్రిమినల్, ఇంగ్లీషు పేపర్లు, ఆపై వైవా. ఎక్కువమంది బోల్తా పడేది ఇంగ్లీషు పేపరులో, అందులోనూ తెలుగు నుంచి ఇంగ్లీషు అనువాదంలో. రోజూ ఒక పాత సాక్షి వాంగ్మూలం తీసి ఇంగ్లీషు చేయండి. "నా సమక్షంలో", "స్వాధీనంలో ఉన్న", "సదరు ఆస్తి", "హద్దులు" ఇవన్నీ చేతికి అలవాటైపోవాలి.

ఏపీపీ సంగతి: తెలంగాణలో పోలీసు రిక్రూట్‌మెంటు బోర్డు ద్వారా తీసుకుంటారు. 2021లో 151 పోస్టులు, మళ్ళీ 2025లో 118. స్కేలు 54,220 – 1,33,630. ఆంధ్రలో 2025లో 42 పోస్టులు, 57,100 – 1,47,760. మూడేళ్ళు క్రిమినల్ కోర్టులో ప్రాక్టీసు ఉండాలి. సివిల్ ఆఫీసులో చేరినవాళ్ళు వారానికి రెండు సీసీల్లోనైనా (మేజిస్ట్రేటు కోర్టు క్రిమినల్ కేసులు) పేరు నమోదయ్యేలా చూసుకోండి, లేకపోతే సర్టిఫికెట్ దగ్గర ఇరుక్కుంటారు.

కూకట్‌పల్లి_కోర్టు
151 తర్వాత 118కి నాలుగేండ్లు పట్టింది. గా నోటిఫికేషన్ కోసమే కూసుంటే ఈడు దాటిపోతది. ప్రాక్టీసు చేసుకుంట రాయాలె, రాసుకుంట ప్రాక్టీసు చేయాలె.

క్యాలెండర్_కేసు
అది నిజమే. మధ్యలో ఇంకో మెట్టు ఉంది, చాలామంది పట్టించుకోరు. నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) 2022లో పెట్టిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి, అంటే లాయరుని పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించే పని. జిల్లా లీగల్ సర్వీసెస్ అథారిటీ నియమిస్తుంది. అసిస్టెంటుకి మూడేళ్ళలోపు అనుభవం చాలు, డిప్యూటీకి 7, చీఫ్‌కి 10 ఏళ్ళ క్రిమినల్ ప్రాక్టీసు. నెల నెలా గౌరవవేతనం వస్తుంది, ప్రైవేటు కేసులు పట్టకూడదు, కాంట్రాక్టు పద్ధతి. సెషన్స్ కేసులో నిందితుడి తరఫున నిలబడే అవకాశం రెండో ఏడాదిలోనే ఇంకెక్కడా రాదు. ఏపీపీ పరీక్ష రాసేవాళ్ళకి దీన్ని మించిన తర్ఫీదు లేదు.

స్కేల్1_లా
బ్యాంకు లా ఆఫీసరు గురించి. ఐబీపీఎస్ (బ్యాంకుల ఉమ్మడి నియామక సంస్థ) ఎస్‌ఓ (స్పెషలిస్ట్ ఆఫీసరు), స్కేల్ 1. మొదటి మూలవేతనం 48,480. భత్యాలన్నీ కలిపితే 75 – 80 వేల దరిదాపు, ఊరిని బట్టి. వయసు 20 నుంచి 30. ఎల్‌ఎల్‌బీ ఒక్కటే చాలదు, బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్ అయి ఉండాలి. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ. మెయిన్స్ మొత్తం ప్రొఫెషనల్ నాలెడ్జే: సర్ఫేసీ చట్టం (లోను ఎగ్గొడితే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునేది), డీఆర్‌టీ (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్), నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్, బ్యాంకింగ్ రెగ్యులేషన్. ఏడాదికొచ్చే పోస్టులు కొద్దే. పని ఏంటంటే దస్తావేజుల పరిశీలన, ప్యానెల్ లాయర్ల (బ్యాంకు జాబితాలో ఉన్న బయటి లాయర్లు) ఫాలోఅప్, సర్ఫేసీ నోటీసులు. వాదనలుండవు. పైన చెప్పినట్టు ప్రాక్టీసు ఆగిపోతుంది, జేసీజే దారి దాదాపు మూసుకున్నట్టే.

వాయిదారాణి
కానీ పెళ్ళి దారి తెరుచుకుంటుంది. "అబ్బాయి అడ్వొకేటండి" అంటే "అవునా, మరి ఏం చేస్తుంటాడు" అని అడుగుతారు కదా మనవాళ్ళు.

లింకు_దస్తావేజు
స్కేల్1 గారు ప్యానెల్ అన్నారు కాబట్టి ఆ ఆదాయం లెక్క. బ్యాంకు లీగల్ ఒపీనియన్ (ఆస్తి పత్రాలు సరిగా ఉన్నాయో లేదో రాసిచ్చేది) ఒక్కోదానికి ఆస్తిని బట్టి 1,500 నుంచి 5,000. నెలకి పది వస్తే అద్దె గట్టెక్కుతుంది. మామూలుగా కొన్నేళ్ళ ప్రాక్టీసు ఉంటేనే ప్యానెల్లో వేస్తారు, అప్పటిదాకా సీనియర్ ప్యానెల్ పని చేసి నేర్చుకోవాలి.

పని వరస: క్లయింటు ఇచ్చిన జెరాక్సు నమ్మొద్దు, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు నుంచి మీరే సర్టిఫైడ్ కాపీ తీసి ఒరిజినల్‌తో పేజీ పేజీ పోల్చండి. దస్తావేజు నంబరు, స్టాంపు పేపరు కొన్న తేదీ, వేలిముద్రల పేజీ. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 30 ఏళ్ళకి. కంప్యూటర్ ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకుముందుది కావాలంటే ఆఫీసులో పుస్తకాలు వెతికించాలి. ఆంధ్రలో అడంగల్, 1బీ (భూమి రికార్డులు) మీభూమి పోర్టల్లో. తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి ధరణి స్థానంలో భూభారతి. 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తులు) విడిగా చూడాలి, ఈసీలో అది కనిపించదు. జీపీఏ (ఓనరు వేరొకరికిచ్చిన అధికారపత్రం) మీద అమ్మితే, అమ్మిన రోజుకి జీపీఏ ఇచ్చిన మనిషి బతికున్నాడా అన్నది అడగాలి. ఎక్కువ తప్పులు దొరికేది ఇక్కడే. వారసుల్లో ఆడపిల్లల సంతకాలు లేకపోవడం రెండోది.

అనంత_సివిల్
లోను ఎగ్గొట్టినాక దొంగ దస్తావేజని తేలితే బ్యాంకు మొదట ఎఫ్‌ఐఆర్‌లో రాసేది ఒపీనియన్ ఇచ్చినోడి పేరే. 1,500 కోసం నాంపల్లి సీబీఐ కోర్టు చుట్టూ తిరగాల్నా?

లింకు_దస్తావేజు
హైదరాబాదు సీబీఐ కేసులోనే 2012లో సుప్రీంకోర్టు చెప్పింది కదా. మోసంలో చురుగ్గా పాలుపంచుకున్నట్టు రుజువుంటేనే ప్యానెల్ లాయరు నేరస్తుడు, ఒట్టి నిర్లక్ష్యం అయితే వృత్తిపరమైన దోషం మాత్రమే. అలాగని ధీమాగా ఉండమనడం లేదు. ఒపీనియన్‌లో "ఫలానా తేదీన ఫలానా ఆఫీసు నుంచి తీసిన కాపీతో సరిచూశాను" అని రాసి, చలానా రసీదు మన ఫైల్లో ఉంచుకుంటే సగం రక్షణ. క్లయింటు లేదా బిల్డరు తెచ్చిచ్చిన ఈసీ మీద ఒపీనియన్ రాసినవాళ్ళే ఇరుక్కుంటారు.

ట్యాక్స్_తాతయ్య
పిల్లలూ, పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. ఫర్మ్ నెలకి 40 వేలు రిటైనర్ ఇస్తే ఏడాదికి 4,80,000. 1961 పన్ను చట్టం లెక్కలో (2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం, సెక్షన్ నంబర్లు వేరే) 194జే కింద 10 శాతం, అంటే 48,000 కోస్తారు. చాలామంది దాన్ని వదిలేస్తారు. 44ఏడీఏ కింద రసీదుల్లో (వచ్చిన మొత్తంలో) సగం ఆదాయంగా చూపి ఐటీఆర్ 4 వేస్తే ఆదాయం 2,40,000. పన్ను సున్నా, ఆ 48,000 మొత్తం వెనక్కి. లా వృత్తికి ఇది 50 లక్షల రసీదుల దాకా వర్తిస్తుంది. నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా.

స్కేల్1_లా
బ్యాంకు వైపు నుంచి ఒక హెచ్చరిక, తాతయ్య గారూ. సగమే ఆదాయంగా చూపితే ఇంటి లోనుకి వచ్చినప్పుడు ఆ సగం మీదే అర్హత కడతాం. రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతాం. లోను ఆలోచన ఉన్నవాళ్ళు ఇప్పటినుంచే చూసుకోండి.

ట్యాక్స్_తాతయ్య
సరైన మాట. అసలు చట్టం చెప్పేది "సగం లేదా అంతకంటే ఎక్కువ". నిజంగా మిగిలింది ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ముందస్తు పన్ను పడే స్థాయికి వెళ్తే మార్చి 15లోగా ఒకే విడత. ఫారం 16 ఇస్తుంటే మాత్రం అది జీతం, 44ఏడీఏ కుదరదు. అప్పుడు పైన రూల్ 49 గొడవ కూడా వస్తుంది.

లాసెట్_బాధితుడు
స్టైపెండు 8 వేలొస్తే పక్కన ఏదైనా చేసుకోవచ్చా? కాల్ సెంటరు రాత్రి షిఫ్టు లాంటిది?

నల్లకోటు_నరసరావుపేట
జీతం ఉద్యోగం కుదరదు. కుదిరినా టైము లేదండి. పొద్దున ఎనిమిదికి ఆఫీసు, పదిన్నరకి కోర్టు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా మళ్ళీ ఆఫీసు. రూల్ 51 కొన్నిటిని ఒప్పుకుంటుంది: లా పరీక్షలకి పాఠాలు చెప్పడం, ప్రశ్నపత్రాలు తయారుచేయడం, దిద్దడం, లా పుస్తకాలకి సంపాదకత్వం. లా కాలేజీలో రోజుకి మూడు గంటలు మించకుండా పాఠం చెప్పడానికి 1979 నుంచి విడిగా రూలుంది. లాసెట్ కోచింగుల్లో ఆదివారం క్లాసులు చెప్పే జూనియర్లు అందుకే అంతమంది.

పేటెంటు_ఫార్మా
ఎమ్మెస్సీ, బీఫార్మసీ, బీటెక్ చేసి ఎల్‌ఎల్‌బీకి వచ్చినవాళ్ళు ఎందుకు జూనియర్‌షిప్ ఒక్కటే చూస్తారో అర్థం కాదు. పేటెంట్ ఏజెంట్ పరీక్షకి సైన్సు లేదా ఇంజనీరింగు డిగ్రీ ఉంటే చాలు, ఎల్‌ఎల్‌బీ కూడా అక్కర్లేదు. రెండు పేపర్లు, వైవా. రెండు పేపర్లలో విడివిడిగా 50, మొత్తం మీద 60 శాతం. రెండో పేపరులో స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరణ), క్లెయిములు (హక్కు కోరే అంశాలు) రాయాలి, పడిపోయేది అక్కడే. హైదరాబాదులో మందుల కంపెనీలు ఇన్ని ఉండగా ఈ పని వెతుక్కోనవసరం లేదు. సైన్సు లేనివాళ్ళకి ట్రేడ్‌మార్కు ఫైలింగు ఉంది. అడ్వొకేటు నేరుగా వేయవచ్చు. ఆన్‌లైన్‌లో ఒక క్లాసుకి ప్రభుత్వ ఫీజు వ్యక్తులకీ చిన్న సంస్థలకీ 4,500, మిగతావాళ్ళకి 9,000. మన ఫీజు దానిమీద 2 నుంచి 5 వేలు. వేసేముందు సెర్చ్ చేయకుండా వేస్తే ఎగ్జామినేషన్ రిపోర్టులో అభ్యంతరం వస్తుంది, దానికి జవాబు ఫ్రీగా రాయాల్సి వస్తుంది.

ఢిల్లీ_తెలుగోడు
సుప్రీంకోర్టు ఆశ ఉన్నవాళ్ళకి ఒక ముక్క. ఏఓఆర్ (అడ్వొకేట్ ఆన్ రికార్డ్, సుప్రీంకోర్టులో కేసు దాఖలు చేయగల లాయరు) అవ్వాలంటే నాలుగేళ్ళ ప్రాక్టీసు, ఆపై ఒక ఏఓఆర్ దగ్గర ఏడాది శిక్షణ, తర్వాత నాలుగు పేపర్లు: ప్రాక్టీసు–ప్రొసీజరు, డ్రాఫ్టింగు, వృత్తి నియమాలు, లీడింగ్ కేసులు. ఒక్కోదాంట్లో 50, మొత్తం 60 శాతం. కోర్టుకి 16 కిలోమీటర్లలోపు ఆఫీసు ఉండాలి. ఢిల్లీ అద్దెలు చూశాక స్టైపెండు లెక్క మళ్ళీ వేసుకోండి. ఇక్కడ తెలుగు రాష్ట్రాల ఫైళ్ళు బాగానే వస్తాయి, తెలుగు దస్తావేజు చదవగలిగిన జూనియర్‌కి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

లాసెట్_బాధితుడు
ఎన్‌రోల్‌మెంటుకే వేలకి వేలు కట్టాలని విన్నాను. ఎంత?

వాయిదారాణి
750. ఎస్సీ ఎస్టీలకి 125. అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 24లో ఉన్నదానికి మించి తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు. స్టాంపు డ్యూటీ ఏమైనా ఉంటే వేరే. ఇంకో పేరుతో వసూలు చేస్తే రసీదు అడగండి. నల్లకోటు, బ్యాండ్లు, గౌను కలిపితే దానికంటే ఎక్కువవుతుంది.

కూకట్‌పల్లి_కోర్టు
ఏఐబీఈ రెండేండ్లల్ల పాస్ గావాలె, మర్చిపోకు. 100 ప్రశ్నలు, నెగెటివ్ లేదు, 45 శాతం, ఎస్సీ ఎస్టీలకు 40. నోట్సు లేని బేర్ యాక్టులు (ఒట్టి చట్టం పుస్తకాలు) లోపలికి తెచ్చుకోవచ్చు. పాత సీఆర్‌పీసీ పుస్తకం వట్టుకొని పోకు, 2024 జులై నుంచి కొత్త చట్టాలు. కొత్తది కొను, సెక్షన్ల పట్టిక చూసుడు అలవాటు చేసుకో. పుస్తకంల వెతుకుడు రాకనే ఫెయిలయితరు.

లాసెట్_బాధితుడు
సరే. హైదరాబాదులో సివిల్, క్రిమినల్ రెండూ ఉన్న ఆఫీసు వెతుకుతాను. వకాలత్‌లో పేరు ఉంటే సర్టిఫికెట్‌కి సరిపోతుందా, ఇంకేమైనా దాచాలా?

పేపర్3_అనువాదం
పేరు పక్కన ఎన్‌రోల్‌మెంటు నంబరు కూడా ఉండాలి. ఈ-కోర్ట్స్‌లో మామూలుగా మొదటి అడ్వొకేటు పేరే ఎక్కిస్తారు. ఫైలింగు సెక్షన్లో అడిగి రెండో పేరు చేర్పించుకోండి. తర్వాత అడ్వొకేటు పేరుతో సెర్చ్ కొట్టి చూసుకోండి, ఇంటిపేరు ఒక్కో కేసులో ఒక్కోలా టైపు చేసి ఉంటుంది. మీరు వాదించిన రోజు ఆర్డరులో మీ పేరు వస్తే ఆ కాపీ పీడీఎఫ్ దించుకోండి. కేసు నంబరు, కోర్టు, తేదీ, ఏ దశ... ఒక పుస్తకంలో రాసుకుంటూ పోండి. సర్టిఫికెట్ అడిగేనాటికి సీనియర్ కోర్టు మారి ఉండొచ్చు, ఆఫీసరు బదిలీ అయి ఉండొచ్చు, కొత్తాయనకి మీ ముఖం తెలియదు.

గుమాస్తా_గిరి
ఆ పుస్తకంలో ఏ కేసులో ఎంత ఫీజు వచ్చింది, ఎంత బాకీ అన్న గడి కూడా గీసుకోండి. తాతయ్య గారి ఐటీఆర్‌కి పనికొస్తుంది.